"మనుషులే లేని అడవి" అంటారా?

నాతో డిగ్రీ చదివిన దోస్తు ఒకడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. జూలైలో అలాస్కాలోని కాట్మై నేషనల్ పార్కుకి పోతున్నాడట. "మనుషులే లేని అడవి రా, అంతా ఎలుగుబంట్లే" అని మెసేజ్ పెట్టాడు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మీరూ ఆగండి. రేపు మన గూడెం గురించి కూడా ఇదే మాట రాస్తారు.

పోవద్దని నేననను. అక్కడికి రోడ్డు లేదు, పడవ మీదనో, నీళ్ళ మీద దిగే చిన్న విమానంలోనో పోవాలి. జూలైలో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎదురెక్కే సాల్మన్ చేపల్ని ఎలుగుబంట్లు నోటితో అందుకుంటాయి. దిగిన ప్రతి ఒక్కరికీ ముందు ఎలుగుబంటి దగ్గర ఎట్లా మసలుకోవాలో పాఠం చెప్తారు, 50 గజాల దూరం ఉండమంటారు. మంచిదే. (తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరబోయే మన అవ్వలకు ఈ పాఠం ఎప్పటినుంచో వచ్చు. అదే పువ్వు కోసం ఎలుగుగొడ్డు కూడా వస్తది మరి.)

టికెట్లు, కెమెరా, దోమల మందు అన్నీ రాసుకున్నవాడు ఒక్కటి రాసుకోలేదు. అది ఎవరి ఊరు? బ్రూక్స్ నది ఒడ్డున 4,000 ఏళ్ళకు పైగా మనుషులు బతికారు. అలుటిక్ జనం వాళ్ళ వారసులు. 1912 జూన్ 6న నోవరప్టా అగ్నిపర్వతం పేలి, బూడిద కమ్మేస్తే ఊళ్ళు వదిలిపోయారు. అబద్ధం ఎందుకు, వాళ్ళను తరిమింది సర్కారు కాదు. కానీ తర్వాత హద్దు గీసింది సర్కారే. 1918లో రక్షిత ప్రాంతమన్నారు, 1931లో దాన్ని రెట్టింపుకు మించి పెంచారు, 1980లో నేషనల్ పార్కు చేశారు. ఊళ్ళు పోయినా చేపల కాలానికి నది దగ్గరికి వస్తూనే ఉన్న జనం వాళ్ళు. తాతల నాటి నుంచి ఎండబెట్టుకుంటున్న ఎర్ర సాల్మన్‌ని పట్టుకోవచ్చని వాళ్ళ వారసుల కోసం చట్టంలో రాసింది ఎప్పుడో తెలుసా? 1996లో! ఎలుగుబంటి ఎవర్నీ అడగకుండా తినే చేప కోసం మనిషికి చట్టం కావాల్సి వచ్చింది.

ఇప్పుడు నల్లమలకి రండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు గూడేల తరలింపు మాట ఏళ్ళ తరబడి నడుస్తోంది. చెంచులు తేనె తీసే అడవిలోనే ఎలుగుగొడ్డూ తేనె తింటది. ఇన్ని తరాలు కలిసి బతికినవాళ్ళు ఇప్పుడు అడ్డమయ్యారా? 2006 అటవీ హక్కుల చట్టం ఏమంటది? ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలి, ఆ తర్వాతే కదిలించే మాట. "మీ ఇష్టంతోనే కదా" అని కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. మా హక్కు పత్రం ఏదని అడగండి. గ్రామసభ తీర్మానం చూపించమనండి.

మావాడికి జవాబు పెట్టాను. "పోయి రా. బ్రూక్స్ క్యాంపులో పాతకాలం ఇల్లు ఒకటి తవ్వి తీసి, మళ్ళీ కట్టి చూపిస్తారు. ఎలుగుబంటి ఫోటోలు నెట్‌లో చాలా ఉన్నాయి, ఆ ఇంటి ఫోటో తీసి పంపు. మా గూడెం గ్రూపులో పెడతా."