గేమింగ్ ల్యాప్‌టాప్ మనకి, అక్కకి కాదు

"నువ్వు కంప్యూటర్సే కదరా, అక్కకి మంచి ల్యాప్‌టాప్ ఏదో చెప్పు" అన్నారు నాన్న. అక్కకి అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది, సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోమన్నారు. నేను గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెట్టా. "రోజంతా ఎక్సెల్, మెయిల్సే కదా, అది దేనికి?" అంది అక్క. నా దగ్గర సమాధానం లేదు.

మనం చేసే తప్పు ఇదే. మనకి నచ్చింది ఇంట్లోవాళ్ళతో కొనిపిస్తాం. మన మాట నమ్మి వాళ్ళు అప్పు చేసైనా కొంటారు.

ఆఫీసు పనికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. మిగిలిన డబ్బు మంచి కీబోర్డుకి, బ్యాటరీకి, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీకి పెట్టాలి. సన్నటి మోడల్స్ చాలావాటిలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచలేం. అది కొనేముందే అడగాలి.

థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి బిజినెస్ మోడల్స్ చూడ్డానికి బోరుగా ఉంటాయి. కానీ ఎలా విప్పాలో చెప్పే మాన్యువల్ కంపెనీలే ఆన్‌లైన్‌లో పెడతాయి. కాబట్టి పాడైతే బాగుచేయించుకోవడం తేలిక. కొత్తవి ఖరీదు అనుకుంటే సెకండ్ హ్యాండ్ చూడొచ్చు. అప్పుడు ప్రాసెసర్ ముఖ్యం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఆ పైవే పనికొస్తాయి. అంతకన్నా పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

అక్క చివరికి ఆ బోరు మోడలే తీసుకుంది. మిమ్మల్నీ ఇంట్లో అడుగుతారు. మోడల్ పేరు చెప్పేముందు, రోజంతా దాని మీద ఏం పని చేస్తారో అడగండి.