శస్త్రచికిత్స పిదప వాంతులు: ఓర్పు కాదు, నివారణ కావలెను

శస్త్రచికిత్స ముగిసి, మత్తు వదలి కన్నులు తెరచిన రోగికి మొట్టమొదట కలుగు బాధ నొప్పియేనని జనులు సామాన్యముగా తలచుదురు. పెక్కుమందికి అంతకంటె ముందుగా వచ్చునది కడుపులో త్రిప్పుట, నోట నీరూరుట, డోకు, వాంతి. నివారణోపాయము లేమియు చేయనిచో శస్త్రచికిత్స పొందిన ప్రతి 100 మందిలో సుమారు 30 మందికి ఈ బాధ కలుగును. దీనికి అనువైన కారణములు ఎక్కువగా గలవారిలో ఈ సంఖ్య 80 వరకును పోవును. 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు ఆపరేషనుకు సిద్ధముగా నున్న రోగులను ప్రశ్నించి, తమకు మిక్కిలి అనిష్టమైన ఫలితములను వరుసగా తెలుపుడని కోరిరి. రోగులు కోతనొప్పికంటెను వాంతినే ముందుంచిరి.

అయినను ఆసుపత్రి వరండాలలో దీనినిగూర్చి తరచుగా వినబడు మాట ఒక్కటే: "మత్తు దిగునప్పుడు వాంతులు సహజము, ఒక్క దినము ఓర్చుకొనవలెను." లోపలి మత్తు బయటికి పోవుచున్నదని తృప్తిపడు బంధువులును కలరు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు. మత్తు వాంతితో బయటికి పోదు. ఈ బాధను చాలవరకు ముందుగానే నివారింపవచ్చును. నివారింపదగిన బాధను సహజమని విడిచిపెట్టుట వైద్యధర్మము కాజాలదు.

ఈ ఉపేక్షకు చారిత్రక కారణ మొకటి కలదు. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చిన తరువాత వైద్యులను వేధించిన ప్రశ్న రోగి బ్రతుకునా లేదా యనునదే. క్లోరోఫారము వలన సంభవించు మరణములు గుండె ఆగుటచేతనా, శ్వాస ఆగుటచేతనా యని తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు నగరముననే నిజాము ధనసహాయముతో రెండు పరిశోధక సంఘములు పనిచేసినవి. శ్వాసయే ముఖ్యమని అవి చెప్పిన నిర్ణయము పూర్తిగా సరికాదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ప్రాణమే సందేహములో నున్న ఆ దినములలో వాంతి స్వల్పవిషయముగా కనబడుట వింత కాదు. నేడు మత్తుమందు వలన మరణము మిక్కిలి అరుదు. కావున ఆనాడు స్వల్పమైనది నేడు స్వల్పము కాదు. కాలము మారినను ఆ పాత యుపేక్ష మాత్రము మిగిలియున్నది.

వాంతి యెట్లు కలుగును?

వాంతి కడుపులో పుట్టునని తోచును గాని, దానికి ఆజ్ఞ వచ్చునది మెదడు అడుగుభాగము నుండి. రక్తములోని విషపదార్థములను కనిపెట్టు ఒక చిన్న స్థానము అచ్చట కలదు. మత్తు వాయువులును, మార్ఫీను వంటి నొప్పిమందులును దానిని రేపును. ప్రేగులనుండి సెరటోనిన్ అను పదార్థము ద్వారా మరియొక వార్త వచ్చును. లోపలి చెవినుండి వచ్చు కదలిక వార్త వేరొకటి. వెన్నులో సూది వేసి చేయు సిజేరియనులో రక్తపు పోటు హఠాత్తుగా తగ్గుటయు వికారమునకు ముఖ్యకారణము. అందుచేత పోటు తగ్గకుండ చూచుటయే అచ్చట మొదటి నివారణ. ఇందువలననే రాత్రినుండి ఏమియు తినని రోగికి కూడ వాంతి యగును. కడుపు ఖాళీగా నుంచుట ఊపిరితిత్తులలోనికి ఆహారము పోకుండ కాపాడుటకు మాత్రమే. అది వాంతికి మందు కాదు.

ఈ వాంతి వలన కలుగు నష్టము బాధతో ముగియదు. ఉదరమున కోత పడినవారికి కుట్లు లాగుకొనును. మెడలో థైరాయిడు ఆపరేషను, కంటి ఆపరేషను జరిగినవారికి వాంతి వలన పెరుగు ఒత్తిడి ప్రమాదకరము కావచ్చును. పూర్తిగా తెలివి రాని రోగి వాంతి చేసికొన్నచో అది ఊపిరితిత్తులలోనికి పోవు భయము కలదు. నోటిమాత్రలు నిలువవు, నీరు నిలువదు, సెలైను మరల ఎక్కింపవలసివచ్చును. ఇంటికి పోవలసిన రోగి ఆసుపత్రిలో నిలిచిపోవును. రోగికి తోడుగా వచ్చిన కూలివానికి ఆ యొక దినము ఆలస్యము ఒక దినపు కూలి నష్టమే.

నాలుగు ప్రశ్నలు

ఎవరికి ఈ బాధ కలుగునో ముందుగా అంచనా వేయుట కష్టము కాదు. 1999లో జర్మనీ, ఫిన్లాండు దేశముల రోగులను పరిశీలించి క్రిస్టియన్ అప్ఫెల్ అను వైద్యుడును ఆయన సహచరులును నాలుగు గుర్తులను నిర్ణయించిరి. రోగి స్త్రీయా? పొగత్రాగు అలవాటు లేనివారా? మునుపటి ఆపరేషనులో గాని, ప్రయాణములలో గాని వాంతియైన అనుభవము కలదా? ఆపరేషను పిదప మార్ఫీను జాతి నొప్పిమందు ఇయ్యవలసియున్నదా? ఈ నాలుగింటిలో ఒక్కటియు లేనివారిలో 100కి సుమారు 10 మందికి, ఒకటి యున్నచో 20 మందికి, రెండున్నచో 40 మందికి, మూడున్నచో 60 మందికి, నాలుగును ఉన్నచో 80 మందికి ఈ బాధ కలుగును. ఈ లెక్క పెద్దవారికి సంబంధించినది. పిల్లల విషయమున గుర్తులు వేరు. మూడేండ్లు నిండినవారిలోను, మెల్లకన్ను ఆపరేషనులోను వాంతులు హెచ్చు.

ఈ లెక్క మన దేశమునకు విశేషముగా వర్తించును. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో పొగత్రాగు స్త్రీలు 100కి ఇద్దరు మాత్రమే. ఉత్తరాంధ్ర తీరమున చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీల వంటివారిని మినహాయించినచో, ఆపరేషను బల్ల మీదికి వచ్చు భారతస్త్రీ యెవరైనను పై నాలుగు గుర్తులలో రెండింటిని ముందే తనతో తెచ్చుకొనుచున్నది. తిరుమల ఘాటురోడ్డు మలుపులలో వాంతియగు స్వభావము గలదైనచో అవి మూడగును. నొప్పికి మార్ఫీను జాతి మందు పడినచో నాలుగు. గర్భసంచి, పిత్తాశయము మొదలగువాని ఆపరేషనులకు వచ్చు స్త్రీలను ఈ దృష్టితో చూచినచో, వారి వాంతులు ఆకస్మికములు కావనియు, ముందే తెలిసినవనియు స్పష్టమగును. అయినను సహజమను మాట ఎక్కువగా వినవలసివచ్చునది ఆ స్త్రీలకే. పొగత్రాగువారికి వాంతి కొంత తక్కువ యన్నంతమాత్రమున ఎవరును పొగాకును మంచిదనుకొనరాదు. దాని వలని కీడు ముందు ఈ మేలు లెక్కకు రాదు.

మందు ముందే యేల?

వాంతి మొదలైన పిదప ఆపుటకంటె మొదలు కాకుండ చూచుట మేలు. ఇందుకు మంచి సాధనములు కలవు. ఒండాన్‌సెట్రాన్ సెరటోనిన్ వార్తను అడ్డగించును; క్యాన్సరు మందుల వలని వాంతులకై వచ్చిన ఈ మందు తరువాత శస్త్రచికిత్సలోను స్థిరపడినది. దీనిని ఆపరేషను ముగియు సమయమున సాధారణముగా 4 మిల్లీగ్రాములు సూదిద్వారా ఇత్తురు. డెక్సామెథసోన్ ప్రారంభముననే ఇయ్యవలెను. దాని పని మెల్లగా ఆరంభమై చాలసేపు నిలుచును. 2004లో ప్రకటింపబడిన, 5,199 మంది రోగులతో జరిగిన ఐరోపా పరిశోధనలో ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, డ్రోపెరిడాల్ అను మూడు మందులలో ప్రతి యొక్కటియు అపాయమును సుమారు నాలుగవ వంతు తగ్గించినది. ఒకదాని మేలు రెండవదాని మేలునకు అడ్డు రాలేదు. మత్తు వాయువుకు బదులు ప్రోపోఫాల్ వాడుట వలనను మరికొంత తగ్గినది.

ఈ ఫలితమును సామాన్యగణితముతో చూడవచ్చును. 100కి 60 మందికి వాంతి కలుగు వర్గములో ఒక మందు ఇచ్చినచో ఆ సంఖ్య 44కు, రెండు మందులు ఇచ్చినచో సుమారు 33కు, మూడు ఇచ్చినచో 24కు దిగును. 100కి 10 మందికి మాత్రమే కలుగు వర్గములో ఒక మందు వలన మేలు పొందువారు ఇద్దరు ముగ్గురు మాత్రమే. అందుచేత అందరికి అన్ని మందులును ఇచ్చుట వివేకము కాదు. ఎవరికిని ఏమియు ఇయ్యకుండుట అంతకంటె అవివేకము. గుర్తులను లెక్కించి, ఒకటి రెండు గుర్తులున్నవారికి రెండు విధముల మందులను, అంతకుమించి యున్నవారికి మూడు నాలుగు విధములను ఇయ్యవలెనని 2020లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సూచనలు చెప్పుచున్నవి. ఇన్నియు చేసినను కొందరికి వాంతి రావచ్చును. ముందు ఇచ్చిన మందునే ఆరు గంటలలోపల మరల ఇచ్చుట నిష్ప్రయోజనము; వేరొక జాతి మందును ఇయ్యవలెను.

ఆక్షేపణలు

మందులు ఖర్చు కదా యని కొందరందురు. ఒండాన్‌సెట్రానును డెక్సామెథసోనును భారత జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలోను, ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలోను కలవు. వానిని మన దేశపు కంపెనీలు పెక్కు తయారుచేయుచున్నవి. వాంతి చేసికొను రోగికి పట్టు సెలైను, పడక, నర్సు కాలము కలిపి చూచినచో ముందు ఇచ్చు సూదిమందే చౌక. మందులకు దోషములు లేవా యని మరికొందరి సందేహము. కలవు. ఒండాన్‌సెట్రాన్ వలన కొందరికి తలనొప్పి, మలబద్ధము కలుగును; గుండె లయలో పుట్టుకతో దోషము గలవారికి దీనిని ఇయ్యరాదు. డెక్సామెథసోన్ రక్తములో చక్కెరను కొంత పెంచును. మధుమేహ రోగులలో పుండు చీము పట్టునేమోయను భయముండెడిది. ఆస్ట్రేలియా మొదలగు దేశములలో 8,800 మందికి పైగా రోగులతో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, మధుమేహము గలవారిలో సహితము, ఆ భయమునకు ఆధారము కనబడలేదు. చక్కెరను కనిపెట్టుచుండుట మాత్రము తప్పదు. దోషము లేని మందు లేదు. తెలిసి, తూచి ఇచ్చుటయే వైద్యము.

మందులతోపాటు మరికొన్ని జాగ్రత్తలు కలవు. పారాసెటమాల్, కోతచోట వేయు తిమ్మిరిసూది మొదలగువానితో నొప్పిని తగ్గించినచో మార్ఫీను జాతి మందుల అవసరము తగ్గును. మత్తుకు ఆరు గంటల ముందు వరకు తేలిక యాహారమును, రెండు గంటల ముందు వరకు మంచినీటిని సాధారణముగా అనుమతింతురు. పాలు, కాఫీ, మజ్జిగ మంచినీటివంటివి కావు. ఏమైనను మత్తు వైద్యుని ఆజ్ఞయే తుదిమాట. రోగి తనంతట తాను నిర్ణయించుకొనరాదు.

కర్తవ్యము

ప్రతి ఆసుపత్రిలోను ఆపరేషనుకు ముందు నింపు కాగితములో పై నాలుగు ప్రశ్నలకు చోటు కల్పింపవలెను. నర్సులు మేలుకొన్న రోగిని నొప్పినిగూర్చి అడుగునట్లే వికారమునుగూర్చియు అడిగి వ్రాయవలెను. ఎంతమందికి వాంతులైనవో లెక్క వ్రాయని ఆసుపత్రికి తన లోపము తెలియదు.

రోగులకును బంధువులకును కర్తవ్యము కలదు. మునుపటి ఆపరేషనులో వాంతులైనవా, బస్సులో కడుపు త్రిప్పునా, గుండెజబ్బు, మధుమేహము కలవా యను విషయములను మత్తు వైద్యునికి దాచకుండ చెప్పవలెను. "వాంతులు కాకుండ ముందుగా మందు ఇత్తురా?" యని అడుగుటకు సంకోచింపరాదు. అడుగుట వైద్యుని శంకించుట కాదు. ఆయన పనికి తోడ్పడుట. ముఖ్యముగా ఇంటి పెద్దలు, తమ యాడపడుచులును కోడండ్రును ఈ బాధను మౌనముగా భరింపవలెనని ఆశింపరాదు. తల్లియై యింటికి మరలు స్త్రీ మొదటి దినమున బిడ్డను ఎత్తుకొనగలుగుటయు, పళ్ళెము ముందర వంగి కుట్లు పట్టుకొని ఏడ్చుటయు ఒకటి కావు. ఈ రెండింటి మధ్య నున్నది నాలుగు ప్రశ్నలును, ఒకటి రెండు సూదిమందులును మాత్రమే.