ఇంటి పొదుపు: క్షౌరపు కుంచెకొక తావు

గత మాసమున స్నానపు సబ్బు నానిపోకుండ నిలుపుకొను విధమును గూర్చి వ్రాసితిమి. అది చదివి యొక సోదరి మాకిట్లు జాబు వ్రాసినది: "మా యింట షేవింగు బ్రష్షు కొన్న ఆఱు మాసములకే వెంట్రుకలు రాల్చుచున్నది. దానికేదైన ఉపాయము కలదా? మగవారి సామగ్రి మనకేల యందురేమో యని అడుగుటకు సంకోచించుచున్నాను."

సంకోచింప బనిలేదు. ఇంటిలో చెడిన వస్తువు ఎవరిదైనను, దానికి మాఱుగా క్రొత్తది కొను రూకలు ఒక్క పెట్టెలోనివే. అదియునుగాక యీ విషయమున మేము చేసిన తప్పొకటి కలదు. దానిని చెప్పుకొనిన, మఱియొక యింట నట్టిది జరుగకుండునని మా యాశ.

మా మామగారికి గేదెకొమ్ము పిడిగల కుంచె యొకటి యుండెడిది. ఆయన ప్రతి ఉదయమును దానిని కడిగి, విదిలించి, పెరటి కిటికీ కమ్మికి దారముతో వ్రేలాడదీసెడివారు. ఆయన కాలము చేసిన పిదప మా వారు దానినే వాడుకొనుచు వచ్చిరి. బడిపంతులు ఇంట తండ్రి సొత్తుగా మిగిలినవి కొన్ని పుస్తకములును, ఒక చేతికఱ్ఱయు, ఆ కుంచెయు మాత్రమే. ఒక శ్రావణమాసమున బొద్దింకలు దానిని చేరుట చూచి, మేము బుద్ధిమంతులమనుకొని, మూత బిగువుగల బిస్కత్తుల డబ్బాలో దానిని పెట్టి మూసితిమి. తడి యారినదా లేదా యని చూడలేదు. పది పండ్రెండు దినములు అట్లే జరిగినది. ఒకనాడు మూత తీయగానే ముక్క వాసన గుప్పుమన్నది. కుంచె మొదలంట నల్లని బూజు. నీట ముంచగా వెంట్రుకలు పిడికెడు మా వారి చేతిలోనికి వచ్చినవి. ఆయన మమ్మొక్క మాటయు ననలేదు. చేతితోనే సబ్బు రాచుకొని గీసికొని బడికి వెళ్లిరి. ఒక్క మాట యన్నను మాకంత బాధ యుండకపోవును.

ఆ తరువాతనే కుంచె యేల చెడునో విచారింప మొదలిడితిమి. ఈ కుంచెలలో కొన్ని పంది వెంట్రుకలవి, కొన్ని బ్యాడ్జరు అను జంతువు వెంట్రుకలవి, కొన్ని గుఱ్ఱపు వెంట్రుకలవి. పంది వెంట్రుక నీటిని తనలోనికే పీల్చుకొని మెత్తబడును. బ్యాడ్జరు వెంట్రుకల గుచ్ఛము నీటిని తన సందులలో ఎక్కువగా నిలుపుకొనును. జంతువుల వెంట్రుక ముట్టుటకు ఇష్టపడని యిండ్లకు నైలాను మొదలగు కృత్రిమ తంతువుల కుంచెలు కలవు. 1938లో అమెరికాలో నైలాను పండ్లకుంచెలు అమ్మకమునకు వచ్చినది మొదలు ఈ జాతి కుంచెలు లోకమున వ్యాపించినవి. ఇవి త్వరగా ఆఱును, వెలయు తక్కువ. ఏ జాతిదైనను వెంట్రుకల మొదలు పిడిలో జిగురుతోనే అతుకబడి యుండును. సబ్బును, తడియు ఆ మొదలున నిలిచియున్నచో జిగురు వదులగును, జంతువు వెంట్రుక పెళుసై విఱుగును, కఱ్ఱపిడి పగులును. అనగా కుంచెకు శత్రువు వాడుక కాదు; వాడిన పిమ్మట నిలిచిన తడి.

కనుక తావు చూపుటకు ముందు శుచి చేయవలెను. ధారగా పడు నీటిక్రింద కుంచెను పట్టి, నురుగు రానంతవఱకు వ్రేళ్లతో మొదలువఱకు కడుగవలెను. పిమ్మట మెల్లగా పిండవలెనే కాని, బట్ట పిండినట్లు మెలిపెట్టరాదు. నాలుగుమాఱులు గట్టిగా విదిలించి, పొడి తువాలుపై ఇటునటు రాచిన చాలవఱకు తడి పోవును. మరుగు నీరు పనికిరాదు. అది వెంట్రుకను, జిగురును రెంటిని చెఱచును. బోరుబావి నీరు ఉప్పగా నుండు ఊళ్లలో నీటిలోని సున్నము సబ్బుతో కలిసి తెల్లని మడ్డియై వెంట్రుకల కంటుకొనును. అట్టిచోట నెలకొక్కమాఱు గిన్నెడు గోరువెచ్చని నీట రెండు చెంచాల వెనిగరు కలిపి, అందు వెంట్రుకలను మాత్రము అయిదు నిమిషములు ముంచి, మంచినీట కడిగిన మడ్డి వదలును.

కుంచెను తలక్రిందుగా వ్రేలాడదీయవలెనా, నిలువబెట్టవలెనా యని కొందఱు వాదులాడుదురు. ప్రమిదలోని వత్తి నూనెను పైకి పీల్చుకొనుట మన మెఱుగుదుము గదా. వెంట్రుకల సన్నని సందులును అట్లే నీటిని పట్టియుంచును. బాగుగా విదిలించిన పిదప మిగిలిన తడి తలక్రిందు చేసినంతమాత్రమున కారిపోదు. అది గాలికే ఆఱవలెను. కావున ఏ తీరున నుంచినను గాలి తగులుట ముఖ్యము. విదిలించుటకు బద్ధకించువారి యింట మాత్రము తలక్రిందుగా వ్రేలాడదీయుటయే క్షేమము. నీరు మొదలునకు దిగదు. ఇక దమ్మిడీ ఖర్చులేని సాధనములను చెప్పెదము.

మొదటిది తీగ కొక్కెము. ఇంటికి కరెంటు పని చేయించినపుడు మిగిలిన లావుపాటి రాగితీగ ముక్క జానెడున్నర యున్న చాలును. దానిపై ప్లాస్టిక్కు తొడుగును తీయరాదు. అది యున్నచో తీగ పిడిని గీయదు, చిలుము పట్టదు. తీగ నడుమ భాగమును కుంచె మెడకంటె కొంచెము వెడల్పుగా, ఎదుట తెఱపి యుండునట్లు లాడము వలె వంచవలెను. రెండు కొనలను వెనుకకు త్రిప్పి మేకుకు చుట్టిన కొక్కె మైనది. మెడను ప్రక్కనుండి అందు జొనిపిన పిడి యుబ్బు పైన ఆగును, వెంట్రుకలు క్రిందికి వ్రేలాడును.

రెండవది కోతపలక. వడ్రంగి పాఱవేసిన అంగుళపు మందపు చెక్క తీసికొని, అంచున మెడ పట్టునంత కోత కోసి, గరుకు కాగితముతో నునుపు చేసి, గోడకు అడ్డముగా బిగింపవలెను. కోత మెడకంటె వెడల్పును, పిడి యుబ్బుకంటె ఇఱుకును కావలెను. ఈ కొలత తప్పినచో కుంచె జాఱి పడును. ఇంటిలో ఎందఱు క్షౌరము చేసికొందురో అన్ని కోతలు పెట్టుట మంచిది. ఏలనన ఒకరి కుంచెగాని, కత్తిగాని మఱియొకరు వాడరాదు. గాటు పడినచోటి నెత్తుటి ద్వారమున హెపటైటిసు-బి వంటి కామెర్ల వ్యాధి సంక్రమించును.

మూడవది కొబ్బరిచిప్ప. పిడి తిన్నగా నుండి మెడలేని కుంచెలకును, అడుగు గుండ్రనై నిలువలేని కుంచెలకును ఇది తగినది. కన్నులున్న వైపు చిప్పను తీసికొని, మెత్తని కన్నును ఆకురాయితో పిడి సగమువఱకు దిగునంత వెడల్పు చేయవలెను. చిప్పను బోర్లించి, పైనుండి పిడిని దానిలో దింపిన, వెంట్రుకలు పైకి నిలుచును, చిప్ప అంచుపై కదలక నిలబడును. పీచు గీకి, కొబ్బరినూనె చుక్క రాచిన చిప్ప నల్లగా నిగనిగలాడును. బోర్లించుటకు ముందు అంచున రెండు గంట్లు పెట్టిన లోపలికి గాలి యాడును.

ప్రయాణమునకు వేఱొక యుపాయము. మాత్రలు వచ్చు ప్లాస్టిక్కు సీసా, కుంచె దూరునంత వెడల్పుది, తీసికొని కాచిన మేకుతో మూతకును ప్రక్కలకును పది పదునైదు రంధ్రములు పొడువవలెను. తడి కుంచెనే పెట్టవలసివచ్చిన, పొడిగుడ్డ చుట్టి పెట్టి, చేరినచోట మొట్టమొదట దానిని బయటికి తీయవలెను. రైలు దిగిన తరువాత కాఫీకన్న ముందు చేయవలసిన పని యిది.

ఇక స్థలము. తలుపు మూసిన స్నానపుగది తగదు. కిటికీ ప్రక్క నీడపట్టు మేలు. మండుటెండలో పెట్టిన వెంట్రుక పెళుసగును. బొద్దింకలు సబ్బును, వెంట్రుకను గూడ తినును గనుక మా భయము ఉత్తది కాదు. మా వైద్యము తప్పు. డబ్బాకు మాఱుగా పలుచని మల్లుగుడ్డను సంచివలె కుట్టి, ఆరిన కుంచెపై రాత్రివేళ తొడిగిన చాలును. గాలి ఆగదు, పురుగు చేరదు.

కొనునప్పటి మాట యొకటి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, అనగా 1914–18 నడుమను, ఆ తరువాత కొన్నేండ్లును, సరిగా శుద్ధి చేయని వెంట్రుకలతో కట్టిన కుంచెలవలన ఇంగ్లండులోను, అమెరికాలోను సైనికులకును, ఇతరులకును ఆంత్రాక్సు అను ఘోరవ్యాధి సోకినది. నేటి కుంచెలను జూచి భయపడ బనిలేదు. అయినను ఊరు పేరు లేని పాత వెంట్రుకల కుంచెను సంతలో అగ్గువకు దొరికినదని తెచ్చి ముఖమునకు రాచుకొనుట పొదుపు కాదు. అట్టిదానికన్న అగ్గువ నైలాను కుంచె మేలు.

చిన్ననాట మా తండ్రిగారు మాకు సంస్కృతము చెప్పుచు, "కూర్చ" మను మాటకు గడ్డమనియు, దర్భల కట్ట యనియు, కుంచె యనియు గూడ అర్థములు కలవనిరి. గడ్డమునకును కుంచెకును ఒక్క పేరేమిటని యప్పుడు నవ్వితిమి. పోయిన సంక్రాంతికి పదునాఱేండ్ల మా పెద్దవానికి మొదటిసారి మీసము, గడ్డము తీయవలసి వచ్చినపుడు ఆ మాట జ్ఞప్తికి వచ్చినది.

మా మామగారి కుంచెలో వెంట్రుకలు పోయినవే కాని, కొమ్ముపిడిని మేము పాఱవేయలేదు. పసుపు కుంకుమల భరిణె ప్రక్కన దాచితిమి. మా వారు బజారునుండి చవుక నైలాను కుంచె నొకటి తెచ్చి, దాని పిడిని జాగ్రత్తగా చీల్చి, వెంట్రుకల గుచ్ఛమును ఊడదీసిరి. అబ్బాయి కొమ్ముపిడి గుంటలోని పాత జిగురును గీకి, రెండు గొట్టములనుండి తీసి కలుపు జిగురుతో దానిని అతికినాడు. ఒక దినమెల్ల కదలింపక యారనిచ్చిరి. ఇప్పుడు మా కోతపలకకు రెండు కోతలున్నవి. ఒకదానిలో తండ్రి కుంచె, రెండవదానిలో తాతగారి పిడిగల మనుమని కుంచె. ఉదయమున దానిని విదిలించు చప్పుడు వినబడనినాడు, వంటయింటినుండియే "విదిలించితివా నాయనా?" యని మేము కేకవేయుదుము. మా వారు వార్తాపత్రిక చాటున నవ్వుకొందురు.

సోదరీమణులారా! మీ యిండ్లలో ఇంతకన్న సులువైన సాధన మేదైన నున్నచో కొలతలతో వ్రాసి పంపుడు. పై మాసమున పాత గొడుగుబట్టను వృథాచేయక వాడుకొను విధములను ముచ్చటించుకొందము.