నత్త జ్వరం : భయం వద్దు, అప్రమత్తత అవసరం

నడికుడి (పల్నాడు జిల్లా) : కృష్ణా జలాల రాకతో పల్నాడు సీమ రూపురేఖలు మారిన సంగతి విదితమే. 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలయింది. కుడికాలువ నీటితో మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. 2013లో పులిచింతల ప్రాజెక్టు కూడ ప్రారంభమయింది. పొలం పనులు, స్నానం, పశువులను కడగడం, బట్టలుతకడం వంటి నిత్యకృత్యాలన్నీ నీటితో ముడిపడిన ఇటువంటి ప్రాంతంలో, నీటి ద్వారా సంక్రమించే వ్యాధులపై ప్రజలకు సరైన అవగాహన ఉండటం ఎంతో అవసరం. అటువంటి వ్యాధులలో షిస్టోసోమియాసిస్ ఒకటి. దీనినే బిల్హార్జియా అని, నత్త జ్వరమని కూడ వ్యవహరిస్తారు.

ఆనకట్టల వెంట వచ్చిన వ్యాధి

ఈ వ్యాధికి కారణమయిన క్రిమిని 1851లో కైరో నగరంలో జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్హార్జ్ కనుగొన్నారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల మందికి పైగా ప్రజలకు నివారణ చికిత్స అవసరమయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వీరిలో సుమారు 90 శాతం మంది ఆఫ్రికా ఖండవాసులే. ఘనాలో 1965లో అకొసొంబో ఆనకట్ట పూర్తయిన పిదప వోల్టా జలాశయ తీరగ్రామాలలో ఈ వ్యాధి విపరీతంగా ప్రబలింది. సెనెగల్‌లో 1986లో డయామా ఆనకట్ట నిర్మించగా, రెండేళ్ళు తిరగకుండానే రిషార్‌టోల్ పట్టణ పరిసరాలలో వ్యాధి తలెత్తింది. నిలకడగా పారే కాలువలలో నత్తలు వృద్ధి చెందడమే ఇందుకు ప్రధాన కారణం.

మరి సాగర్ కాలువల వెంట ఇటువంటి పరిస్థితి ఎందుకు రాలేదన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం వ్యాధి వ్యాపించే తీరులోనే ఉన్నది.

నత్త లేనిదే వ్యాప్తి లేదు

రోగి మలమూత్రాలతో వెలువడిన క్రిమి గుడ్లు నీటిలో పొదిగి, వాటి పిల్లలు ప్రత్యేక జాతికి చెందిన మంచినీటి నత్తలలో ప్రవేశిస్తాయి. అక్కడ అసంఖ్యాకంగా వృద్ధి చెంది తిరిగి నీటిలోకి వచ్చి, ఆ నీటిలో దిగిన మనిషి చర్మాన్ని చీల్చుకుని రక్తనాళాలలో చేరుతాయి. నీరు తాగకపోయినా, కేవలం కాలు మోపినంత మాత్రాన వ్యాధి సోకవచ్చును. అయితే నత్తలన్నీ ఈ క్రిమికి ఆశ్రయమివ్వవు. ఆఫ్రికాలో వ్యాధిని మోసే బులినస్, బయోంఫలేరియా జాతుల నత్తలు మన దేశపు నీటి వనరులకు సహజమయినవి కావు. గొలుసులోని ఈ ఒక్క లంకె లేకపోవడమే మనకు రక్షణగా నిలిచింది.

అయినప్పటికీ ఈ రక్షణ శాశ్వతమని భావించరాదు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో స్థానికంగానే ఈ వ్యాధి సోకినట్లు 1952లో వైద్య శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఫెర్రిసియా అనే చిన్న నత్త అక్కడ దీనికి వాహకంగా గుర్తింపబడింది. ఐరోపాలో సయితం, ఫ్రాన్సుకు చెందిన కోర్సికా దీవిలో కావు నదిలో స్నానం చేసిన వారికి ఈ వ్యాధి సోకినట్లు 2014లో బయటపడింది. తగిన నత్త ఉన్న చోటికి రోగి ద్వారా క్రిమి చేరితే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇది ఉదాహరణ.

మన చెరువులు, కుంటలలో విరివిగా కనిపించే ఇండోప్లానార్బిస్ జాతి నత్త ఇదే కుటుంబపు పశు క్రిములను వ్యాపింపజేస్తుంది. ఎడ్లు, ఆవులలో కనిపించే గురక జబ్బు దీని ఫలితమే. ఈ పశు క్రిములు మనిషి చర్మంలో చొరబడితే దురద, దద్దుర్లు కలుగుతాయి కాని, అవి సాధారణంగా అక్కడే నశిస్తాయి.

గుర్తించడంలోనే కీలకం

క్రిమి కంటె దాని గుడ్లే మనిషికి ఎక్కువ హాని చేస్తాయి. శరీరం నుండి బయటపడలేక కణజాలంలో చిక్కుకున్న గుడ్ల వలన కాలేయం గట్టిపడటం, ప్లీహం వాయటం, మూత్రంలో రక్తం పడటం సంభవిస్తాయి. దీర్ఘకాలంలో మూత్రాశయ క్యాన్సరుకు కూడ దారితీయవచ్చును. స్త్రీలలో జననాంగాలు దెబ్బతిని సంతానలేమి కలుగవచ్చును. పిల్లలలో రక్తహీనత ఏర్పడి ఎదుగుదల, చదువు కుంటుపడతాయి.

మన ప్రాంతంలో మూత్రంలో రక్తం కనిపిస్తే మూత్రపిండాలలో రాళ్ళు, ఇన్ఫెక్షన్ వంటి కారణాలను ముందుగా అనుమానించడం సహజం, సమంజసం. కాని నడికుడి వంటి రైల్వే కూడలి గ్రామం నుండి కూడ నేడు ఉపాధి రీత్యా దేశదేశాలకు వెళ్ళివస్తున్న కాలమిది. ఆఫ్రికా దేశాలలో పనిచేసి, అక్కడి సరస్సులలోనో, నదులలోనో దిగివచ్చిన వారు ఆ విషయం వైద్యులకు తప్పక తెలియజేయాలి. వైద్యులు కూడ ఏ దేశంలో ఉన్నారు, ఏ నీటిలో దిగారు అని ఒక్క ప్రశ్న అడిగినట్లయితే, ఏళ్ళ తరబడి అంతుపట్టని జబ్బు బయటపడవచ్చును. మలమూత్రాలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి గుడ్లను గుర్తించవచ్చును. గుడ్లు కనిపించనప్పుడు రక్తపరీక్ష తోడ్పడుతుంది. ప్రాజిక్వాంటెల్ అనే మందు దీనికి సమర్థమయిన చికిత్స. అయితే అది ఎదగని క్రిములపై అంతగా పనిచేయదు కనుక, ఎప్పుడు, ఎంత మోతాదులో వాడాలో వైద్యులే నిర్ణయించాలి.

నారికురుపు నేర్పిన పాఠం

ఒకప్పుడు దిగుడు బావుల నీటి ద్వారా మన గ్రామాలను పీడించిన నారికురుపు వ్యాధికి మందు గాని, టీకా గాని లేవు. అయినను సురక్షిత నీరు, నీటిని వడగట్టి తాగే అలవాటు, ప్రతి రోగినీ వెతికి గుర్తించడం అనే మూడు చర్యలతో దానిని దేశం నుండి పారద్రోలగలిగాము. 1996 తరువాత దేశంలో ఒక్క కేసు కూడ నమోదు కాకపోవడంతో, 2000 సంవత్సరంలో భారతదేశం ఆ వ్యాధి నుండి విముక్తమయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

నత్త జ్వరం విషయంలోను ఇదే మార్గం అనుసరణీయం. కాలువ గట్లను, చెరువు గర్భాలను మలమూత్ర విసర్జనకు వాడకుండా ఉన్నట్లయితే క్రిమికి నీటిలో ప్రవేశమే ఉండదు. ఈ జాగ్రత్త అతిసార, కామెర్లు, టైఫాయిడ్‌ల నివారణకు కూడ ఉపకరిస్తుంది. కాలువ నీటిని చూసి రైతులు, కూలీలు భయపడవలసిన పని లేదు. ఆ నీటిని పరిశుభ్రంగా ఉంచుకోవడం, దూరదేశాల నుండి వచ్చిన వారి జబ్బును సకాలంలో గుర్తించడం మన చేతిలోని పనులు.