పన్నెండు యంత్రాలు తెచ్చారు, మద్దతు ధర తేలేదు

2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో గాజులరామారం డివిజన్ ఓటర్లు కాగితం బ్యాలెట్ మీద ముద్ర వేశారు. కరోనా పరిస్థితినీ పార్టీల అభిప్రాయాలనూ చూసి రాష్ట్ర ఎన్నికల సంఘం యంత్రాలను పక్కన పెట్టింది. అంతకు ఇరవై నెలల ముందు అదే కాగితం బ్యాలెట్ కావాలని నిజామాబాద్ రైతులు అడిగారు. కేంద్ర ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. ఆ రైతుల పోరాటం నడిచింది మన మేడ్చల్ మీదుగా ఆర్మూర్ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి మీదనే. ఓట్లు అడిగేవాళ్లు మన గడప తొక్కే ప్రతిసారీ ఆ పోరాటాన్ని గుర్తు చేసుకోవాలి.

2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ ప్రాంత రైతులు రోడ్డెక్కారు. పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగారు. ఎనిమిది, తొమ్మిది నెలలు చేలో ఉండే పంట పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ చేసి మార్కెట్ యార్డుకు తెస్తే ఖర్చులు కూడా రావడం లేదన్నది వారి గోడు. పాలకులు పట్టించుకోకపోవడంతో 178 మంది రైతులు లోక్‌సభకు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది.

అప్పటిదాకా వాడుతున్న పాత యంత్రాల్లో నోటాతో కలిపి 64 పేర్లే పడతాయి. కాబట్టి కాగితం బ్యాలెట్ తప్పదని చాలామంది అనుకున్నారు. ఎన్నికల సంఘం ఎం3 అనే కొత్త రకం యంత్రాలు తెప్పించింది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చింది. ఏప్రిల్ 11న పోలింగ్ ఉదయం 8 గంటలకు మొదలుపెట్టి సాయంత్రం 6 దాకా నడిపారు.

ఈ ఏర్పాటులో ఒక సంగతి గమనించాలి. నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు వస్తాయి. స్వతంత్రుల పేర్లు చివర వస్తాయి. అంటే పెద్ద పార్టీల గుర్తులన్నీ మొదటి యంత్రంలోనే కనబడ్డాయి. రైతుల పేర్లు పన్నెండో యంత్రం దాకా చెల్లాచెదురయ్యాయి. చదువు రాని ముసలవ్వ తనకు కావలసిన గుర్తును పన్నెండు పెట్టెల్లో వెతుక్కోవాలి. యంత్రం అందరికీ ఒకటే అయినా కష్టం అందరికీ ఒకేలా పడలేదు.

ఫలితం మే 23న వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత మీద బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పసుపు బోర్డు తెస్తానని ఆయన బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. బోర్డు 2023 అక్టోబర్‌లో నోటిఫై అయింది. 2025 జనవరి 14న ప్రారంభమైంది. కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే పెట్టారు. రైతులు అంతమంది నిలబడకపోతే ఈ బోర్డు ఇక్కడికి వచ్చేది కాదని మా అభిప్రాయం. అయితే మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు ఈనాటికీ లేదు. ధర లేకుండా బోర్డు ఒక్కటే వస్తే రైతు అప్పు తీరదు.

ఇంతకుముందూ ఇదే జరిగింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో విసిగిన నల్లగొండ ప్రజలు లోక్‌సభకు పోటీ చేస్తే అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే పార్లమెంటు డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. తర్వాత 25,000 చేసింది. నిరసన తెలిపే పేదవాడి మీద రుసుము పెరిగింది. పేర్లు ఎక్కువైతే యంత్రాలు కూడా పెరుగుతాయని నిజామాబాద్ చూపించింది. పాలకులకు సమస్య తీర్చడం కన్నా అభ్యర్థుల రద్దీని సర్దుకోవడమే తేలిక.

మన సంగతి ఇంకా కష్టం. శామీర్‌పేట, మేడ్చల్ రైతులు పండించే టమాట, వంకాయ, ఆకుకూరలు కూడా ఆ మద్దతు ధర జాబితాలో లేవు. మన మల్కాజిగిరి దేశంలోకెల్లా ఎక్కువ మంది ఓటర్లున్న లోక్‌సభ స్థానం. ఇక్కడ రైతు ఓట్లు పిడికెడు. 178 మంది నిలబడినా ఆ లక్షల ఓట్లలో కలిసిపోతారు. అందుకని మనం ఓట్లు చీల్చుకోకుండా ఒకే డిమాండ్ మీద కట్టుగా నిలబడాలి. కూరగాయలు కొనే బస్తీల వాళ్లనూ కలుపుకోవాలి. దళారీ దోపిడీ వాళ్లకూ నష్టమే కదా.

ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ రెండు మాటలు అడుగుదాం. ఒకటి, గిట్టుబాటు ధరకు చట్టం ఏ తేదీలోగా తెస్తారో కాగితం మీద రాసివ్వాలి. రెండు, ఓటు వేసే పద్ధతి మార్చాలంటే నోటిఫికేషన్‌కు ముందే ఊరూరా, బస్తీ బస్తీలో చూపించి, ఓటర్ల అభిప్రాయం తీసుకుని మార్చేలా ఒత్తిడి తేవాలి. రాసిచ్చిన కాగితాలు సంఘం దగ్గర భద్రంగా ఉండాలి. ఏటా ఒకసారి వాటిని బయటికి తీసి, గెలిచినవాళ్ల ముందు పెట్టి, ఎంతవరకు వచ్చిందని నిలదీయాలి.