తలకట్టు లేని సరళత

గుంటూరులో మా మేనమామగారికి పచ్చళ్ళ కొట్టు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా దాని బోర్డు మీద ఒకటే బొమ్మ: మూతికి వాసెన కట్టిన జాడీ. ఊళ్ళో గోడలకు రంగులు వేసే పెయింటరొకాయన కుంచెతో అయిదారు గీతల్లో తేల్చేసిన బొమ్మ అది. కొట్టుకు పేరంటూ ఒకటున్నా, ఆ పేరుతో పిలిచినవారిని నేనెరుగను. రిక్షా ఎక్కి "జాడీబొమ్మ కొట్టు" అంటే చాలు, తిన్నగా తీసుకువెళ్ళి దింపేవారు.

కిందటేడు మామయ్య కొడుకు, వ్యాపారం కాస్త పెంచుదామన్న సదుద్దేశంతోనే, ఒక డిజైను సంస్థకు పని అప్పజెప్పాడు. నెల తిరిగేసరికి కొత్త లోగో వచ్చింది. సన్నని బూడిదరంగు సున్న, అందులో రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు. కింద చిన్నగా తెలుగులో "పచ్చళ్ళు". ఆ తెలుగు అక్షరాలకు తలకట్లు లేవు! "అవసరం లేనిదల్లా తీసేశాం, సరళంగా ఉండటమే నేటి పద్ధతి" అన్నారట ఆ సంస్థవారు. మామయ్య కళ్ళజోడు సవరించుకొని ఆ కాగితాన్ని చాలాసేపు చూసి నాకందించాడు. "ఏరా, చదువుకున్నవాడివి, ఇందులో మన కొట్టెక్కడుందో కాస్త చూపించు" అన్నాడు.

నేను చూపించలేకపోయాను. ఈ టపా ఆ ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు.

ముందే ఒకమాట చెప్పుకోవాలి. నేను సరళతకు శత్రువును కాను. లోగోను నేను ముద్ర అంటాను. ముద్ర పని ఒక్కటే: చూసినవాడి మనసులో పడటం, పడినది చెరగకపోవడం. అందుకు గీతలెంత తక్కువైతే అంత మంచిదన్నమాట నిజమే. కానీ తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడం సరళత. తక్కువ గీతలతో ఏమీ చెప్పకపోవడం శూన్యత. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. శూన్యాన్ని సరళత పేరిట అమ్ముకోవడానికి వీలు కల్పిస్తున్నది ఆ పోలికే.

సరళత మనకు పడమటి నుంచి దిగుమతి అయిన వేలంవెర్రి అనుకునేవారు మన ఎన్నికల గుర్తులను ఒకసారి తలుచుకోవాలి. 1951 జనాభా లెక్కల నాటికి ఈ దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. చదువురాని ముసలవ్వ కూడా ఏ పెట్టె ఎవరిదో ఇట్టే పోల్చుకోవాలి. ఆ తరవాతి కాలంలో ఎన్నికల సంఘంలో పనిచేసి 1992లో పదవీ విరమణ చేసిన ఎం.ఎస్. సేథి అనే ఆయన ఇలాంటి గుర్తులెన్నిటినో పెన్సిలుతో గీశారు. సైకిలు, నిచ్చెన, కొవ్వొత్తి, గాలిపటం వంటి నిత్యం కంటపడే వస్తువులే అన్నీ. వాటిలో అలంకారం లేదు, అయోమయమూ లేదు.

1960లలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి దీప్ త్యాగి అనే అధికారి రూపొందించిన ఎర్ర త్రికోణమూ అటువంటిదే. తలకిందులుగా నిలబెట్టిన మూడు గీతలు, ఒక రంగు, అంతే. పల్లెటూరి గోడమీద ఏ పెయింటరైనా స్కేలు లేకుండా దించగలడు. లారీ వెనుక చూసినా, ఆసుపత్రి గోడమీద చూసినా సంగతేమిటో బోధపడేది. 1971లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు గీసిన నీలిరంగు వృత్తమైనా అంతే. దానిలోని చిన్న తెల్లని సున్ననూ కిందికి దిగిన గీతనూ చూసి జనం తాళపుచెవి రంధ్రమనుకున్నారు. డబ్బు దాచుకునే చోటికి అంతకన్న ఏం కావాలి?

ఈ మూడింటికీ ఉన్న సామ్యం గమనించండి. అవి చూసేవాడి అవసరం కోసం సరళమయ్యాయి. గీసేవాడి సౌకర్యం కోసం కాదు.

సరళవాదులకు రెండు బ్రహ్మాస్త్రాలున్నాయి. మొదటిది నైకీ. 1971లో కెరొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని 35 డాలర్లకు గీసి ఇచ్చిన ఒక్క వంపుగీత ప్రపంచాన్ని జయించిందంటారు. నిజమే. కానీ ఆ గీతకు ఆ బలం ఎక్కడిది? ఏళ్ళ తరబడి పరుగెత్తిన ఆటగాళ్ళ కాళ్ళది, ప్రకటనలకు కుమ్మరించిన కోట్లది. పైగా ఆ గీతలో వేగముంది. అది ఒట్టి గీత కాదు. గుంటూరు పచ్చళ్ళ కొట్టుకు ఆ కోట్లూ లేవు, ఆ సున్నలో ఆవకాయ ఘాటూ లేదు.

రెండోది ఆపిల్. 1976 నాటి తొలి ముద్రలో చెట్టుకింద కూర్చున్న న్యూటన్ బొమ్మ, చుట్టూ చట్రం, అక్షరాలు, నానా హంగామా ఉండేవి. మరుసటేడు రాబ్ జానఫ్ అవన్నీ తీసి పండొక్కటే ఉంచాడు. కనుక తీసివేతే విజయరహస్యం అని వీరి సిద్ధాంతం. ఇక్కడే వీరు సగం కథ దాస్తారు. ఉత్త పండుగా వదిలేస్తే చిన్నగా ముద్రించినప్పుడు చెర్రీపండేమోనని పొరబడతారని జానఫ్ దానికొక కొరుకు చేర్చాడు. అవును, చేర్చాడు! ఆ ముద్రను చిరస్మరణీయం చేసింది తీసివేసిన న్యూటన్ కాదు, కలిపిన ఆ పంటిగాటు. ఎక్కడ తీయాలో ఎంత తెలియాలో, ఎక్కడ ఆగాలో, ఏది కలపాలో అంతకన్న ఎక్కువ తెలియాలి.

అది తెలియకపోతే ఏమవుతుంది? 2010 అక్టోబరులో అమెరికా బట్టల కంపెనీ గ్యాప్, ఇరవయ్యేళ్ళు వాడిన నీలి చతురస్రాన్ని పక్కనపెట్టి, ఏ కంప్యూటరులోనైనా దొరికే బాపతు అక్షరాలతో కొత్త ముద్ర తెచ్చింది. జనం దుమ్మెత్తిపోశారు. వారం తిరిగేసరికి పాతదే గతయింది. 2012 నుంచి 2018 మధ్య సెయింట్ లారెంట్, బలెన్సియాగా, బాల్మెయిన్, బర్బెరీ ఒకరి వెంట ఒకరు తమ పేర్లను ఒకే తీరు లావు పెద్దక్షరాల్లోకి మార్చుకున్నారు. నాలుగు పేర్లూ వరసగా పెట్టి చూస్తే ఒకే ప్రెస్సులో అచ్చయిన నాలుగు రబ్బరు స్టాంపుల్లా ఉంటాయి. గుర్రంమీద కూర్చున్న తన రౌతును 2018లో దింపేసిన బర్బెరీ 2023లో మళ్ళీ ఎక్కించుకుంది. ఎవరివారిగా కనబడటం కోసం పుట్టిన ముద్ర, అందరిలా కనబడటం కోసం తంటాలు పడటం కన్న విడ్డూరం వేరే ఉందా?

"ఫోను తెరమీద గోరంత చోటులో ఇమడాలి కదా" అంటారు. ఇది న్యాయమైన మాటే. చిన్న చోటుకు చిన్న రూపం చేసుకోండి, కాదన్నదెవరు? గోరంత చోటులో ఇమిడేట్టు జాడీని గీయడమే డిజైనరు విద్య. జాడీని తీసి పారేయడానికి విద్యతో పనేముంది?

ఇక అన్నిటికన్న నన్ను నొప్పించిన సంగతికి వస్తాను. తలకట్టు. అది నెత్తిమీది అలంకారమనుకుంటున్నారు వీరు. అయ్యా, అది అచ్చు! "క"లో అకారాన్ని మోస్తున్నది ఆ చిన్న గీతే. దాన్ని తీసి గుడి పెడితే "కి", ఎత్వం పెడితే "కె", పొల్లు పెడితే "క్". ఏమీ పెట్టకుండా వదిలేస్తే అటువంటి అక్షరం తెలుగులో లేదు. జ, బ, ల వంటి కొన్నిటిని మినహాయిస్తే మన హల్లులన్నిటికీ ఇదే సూత్రం. తలకట్టు లేని "ప" నోరు తెరిచిన గిన్నె, అంతే. ఇంగ్లీషు అక్షరాల నిలువు గీతల పక్కన సమంగా కనబడాలని తెలుగు అక్షరం తల తీసేయడం సరళత ఎలా అవుతుంది?

తక్కువ గీతల విద్య తెలుగువాడికి ఒకరు నేర్పాలా? బాపుగారు రెండు గీతల్లో మనిషిని నిలబెట్టారు. ఆయన చేతిరాత చివరికి ఫాంటుగా మారింది. దూరం నుంచి చూసినా అది ఆయనదేనని తెలుస్తుంది. ఆ రాతలో తలకట్టు ఒక్క విసురులో పడుతుంది, కానీ పడుతుంది.

సరళమైన ముద్రకు నాకు తెలిసిన పరీక్షలు మూడే. పేరు మూసేసి చూస్తే ఎవరిదో తెలియాలి. ఒకసారి చూసిన పదేళ్ళ పిల్లవాడు మర్నాడు బలపంతో గీయగలగాలి. ఒంటిరంగు డబ్బా, ఒక కుంచె ఇస్తే గోడమీద పెయింటరు దించగలగాలి. మామయ్య పాత జాడీ మూడింటా నెగ్గుతుంది. కొత్త సున్న చివరి రెండింటా నెగ్గుతుంది, మొదటిదాంట్లో బోర్లా పడుతుంది. మొదటిదాంట్లో ఓడిన ముద్రకు మిగతావి నెగ్గి ప్రయోజనమేమిటి?

బావమరిదితో వాదించి ఒప్పించానని గొప్పలు చెప్పను. కొత్త బోర్డు ఇంకా అలాగే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు మాత్రం ఒకటి చూశాను. తలుపు పక్క గోడమీద మామయ్య తనే సుద్దముక్కతో ఒక జాడీ గీసి ఉంచాడు. వంకరగా ఉంది, వాసెన ఒక పక్కకు ఒరిగింది. నేను నిలబడి చూస్తుండగానే ఒకావిడ ఆటో ఆపించి, ఆ సుద్దబొమ్మ వైపు చూపి, "ఇదే, ఇక్కడే ఆపు" అన్నది.