ఆటగాడి మనసుకూ ఒక చదువు ఉంది

ప్రతి వారం నాలుగైదు ఉత్తరాలకు జవాబులు రాస్తుంటాను. ఈ వారం ఒకే ఉత్తరం తీసుకుంటున్నాను. అది నేను పనిచేసే ఊరి నుంచే వచ్చింది. పిల్లల చదువుల గురించి ఇళ్లల్లో వాదనలు జరిగే రోజులివి గనుక మిగతా పాఠకులకూ పనికి వస్తుందని వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మాది ఇబ్రహీంపట్నం. మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ పాసయింది. లెక్కల గ్రూపు. బళ్లో ఉన్నప్పుడు కబడ్డీ బాగా ఆడేది. పదో తరగతిలో జిల్లా సెలెక్షన్లకు వెళ్లింది. కూతకు పోగానే కాళ్లు బిగుసుకుపోయాయట, ఊపిరి అందలేదట. ఎంపిక కాలేదు. ఆ తరువాత ఆటే మానేసింది. ఇప్పుడు క్రీడాకారుల మనసుకు సంబంధించిన చదువు యూనివర్సిటీలో ఉంటుంది, అదే చదువుతానంటున్నది. వాళ్ల నాన్నగారేమో "ఊరి చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలుండగా ఈ పిచ్చివాళ్ల చదువు ఎందుకు? రేపు సంబంధాలు వస్తే ఏమని చెప్పాలి?" అంటున్నారు. పది రోజులుగా తండ్రీ బిడ్డలకు మాటల్లేవు. ఇది నిజంగా ఉన్న చదువేనా? లేక అమ్మాయి మనసులో ఇంకేదైనా బాధ ఉందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు. చదువు సంగతి ఒకటి, అమ్మాయి బాధ సంగతి రెండవది. రెండింటికీ జవాబు చెబుతాను. అంతకు ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఊళ్లో పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి అతని తండ్రి తీసుకువచ్చాడు. పరుగుపందెంలో దిట్ట. కానీ పోటీ ఉన్న రోజు తెల్లవారగానే కడుపునొప్పి, రెండు మూడు సార్లు విరేచనాలు. కడుపు నొక్కి చూశాను, నులిపురుగుల మాత్ర ఇచ్చాను, గ్యాసు మాత్ర ఇచ్చాను. మళ్లీ పోటీ, మళ్లీ నొప్పి. మూడోసారి వచ్చినప్పుడు పరీక్షల్లో ఏమీ కనిపించక, "ఏమీ లేదు, నాటకం" అనేశాను. ఆ మాట వాడి ఎదుటే అన్నాను. ఆ తరువాత వాడు పరుగు మానేశాడని విన్నాను. వాడిది నాటకం కాదు. నొప్పి నిజం. నొప్పికి కారణం మాత్రం నేను నొక్కి చూసిన చోట లేదు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

భయం పుట్టగానే మెదడు ఒంటికి హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం జీర్ణాశయం నుంచి కండరాల వైపు మళ్లుతుంది. నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది. కండరాలు బిగుసుకుంటాయి. చూపు, ధ్యాస కుంచించుకుపోయి పక్కన ఉన్నది కనిపించదు. పులి ఎదురైతే పారిపోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. కొంత ఉంటే ఆటకు మేలే. ఎక్కువైతే చెరుపు. మీ అమ్మాయి కాళ్లు బిగుసుకుపోవడం, ఊపిరి అందకపోవడం ఈ కోవలోనివే కావచ్చు. అది పిరికితనమూ కాదు, పిచ్చీ కాదు.

ఈ చదువు ఎప్పటిది?

ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషను కాదు. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన, సైకిలు పందెగాళ్లు ఒంటరిగా తొక్కినప్పటికంటే పక్కన మరొకరు ఉన్నప్పుడు వేగంగా తొక్కుతున్నారని గమనించాడు. నలభై మంది పిల్లల చేత చేపల గాలం చక్రాలు తిప్పించి పరీక్షించాడు. పోటీ పెడితే ఇరవై మంది మరింత బాగా తిప్పారు, పది మందిలో పెద్ద తేడా లేదు, మిగిలిన పది మంది కంగారు పడి చెడగొట్టుకున్నారు. ఆ పది మందీ ఈనాటికీ ప్రతి బళ్లో ఉన్నారమ్మా. 1925లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడాకారుల మీద పరిశోధనకు ప్రయోగశాల నడిపాడు. 1965లో రోము నగరంలో ఈ శాస్త్రానికి మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది.

మన తెలుగువారి సంగతే చూడండి. చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబపు బిడ్డ గుకేశ్ 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. మొదటి ఆటే ఓడాడు. ముందంజలోకి వచ్చాక మళ్లీ పన్నెండో ఆట ఓడాడు. అయినా పద్నాలుగో ఆటలో కిరీటం గెలిచాడు. ఎత్తులు నేర్పేవారితో పాటు, మనసును సిద్ధం చేయడానికి ప్యాడీ అప్టన్ అనే శిక్షకుడు అతనికి తోడున్నాడు. 2011లో మన క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టుకు పనిచేసింది ఈయనే. మీ వారికి చెప్పండి, గుకేశ్ తండ్రి ఇ.ఎన్.టి. సర్జను, తల్లి మైక్రోబయాలజిస్టు. చదువుకున్న ఇల్లే మనసుకు కూడా తర్ఫీదు కావాలని ఒప్పుకుంది. మన హైదరాబాదు అమ్మాయి సింధు 2021లో టోక్యోలో సెమీఫైనలు ఓడి, మరునాడే కోర్టులో దిగి కంచు పతకం తెచ్చింది. ఒక్క రాత్రిలో కండబలం పెరగదు. నిన్నటి ఓటమిని పక్కన పెట్టడం కూడా సాధనతో వచ్చే విద్యే.

ఎక్కడ, ఎలా చదవాలి?

మొదటి మెట్టు మనస్తత్వ శాస్త్రం, అంటే సైకాలజీ, ఒక సబ్జెక్టుగా డిగ్రీ. లెక్కల గ్రూపు చదివిందని బెంగ వద్దు. ఈ శాస్త్రంలో గణాంకాలు, అంటే స్టాటిస్టిక్సు, చాలా ఉంటాయి. లెక్క వచ్చిన పిల్లలకు అది సులువు. తరువాత ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. ఉస్మానియాలో సైకాలజీ శాఖ ఉంది. మన రాష్ట్రంలో పి.జి. సీట్లు సీపీగెట్ పరీక్ష ద్వారా ఇస్తారు. రెండో దారి వ్యాయామ విద్య, అనగా బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. అందులో క్రీడా మనస్తత్వ శాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉంటుంది.

ప్రత్యేకంగా ఇదే చదవాలంటే గ్వాలియర్‌లో 1957లో మొదలైన లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ ఉంది. ఇంఫాల్‌లో 2018 చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. రెండు చోట్లా ఈ విషయంలో ఎం.ఏ. చదువు ఉంది. ఏ ఏటి అర్హతలు ఆ ఏటి ప్రకటనలో స్వయంగా చూసుకోవాలి. ఇంగ్లండులోనైతే నిర్ణీత చదువు, పర్యవేక్షణలో శిక్షణ పూర్తిచేసి ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కితే గాని 'క్రీడా మనస్తత్వ నిపుణుడు' అని బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు.

ఇక్కడే జాగ్రత్త చెప్పాలి. నాలుగు వారాల్లో సర్టిఫికెట్టు, ఇంట్లో కూర్చుని 'మైండ్ కోచ్' అయిపోండి అనే ప్రకటనలు ఫోన్లలో వస్తుంటాయి. వాటితో నిపుణులు కారు. సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పరాదని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది కూడా. మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవలసిన విద్య ఇది. ఇంజక్షను చేయడం పుస్తకం చదివి రాదు కదా, ఇదీ అంతే.

మీ వారి ప్రశ్నకూ విలువ ఉంది. ఉద్యోగాలు ఇంజనీరింగులో ఉన్నన్ని లేవు. క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రాలు, ప్రైవేటు అకాడమీలు, జట్లు, కాలేజీ అధ్యాపకత్వం - ఇవీ దారులు. మొదట్లో రాబడి తక్కువ, నిలకడ తక్కువ. అందుకే నా సలహా: పునాది సైకాలజీలో గట్టిగా వేయండి. ఆటల వైపు దారి దొరక్కపోయినా బడుల్లో కౌన్సెలింగు, పరిశోధన, బోధన మిగులుతాయి. మానసిక జబ్బులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం వేరే గుర్తింపు పొందిన శిక్షణ, రిజిస్ట్రేషను తప్పనిసరి. ఇక సంబంధాల మాట. పిచ్చివాళ్ల చదువు అనడం తప్పు. ఒకవేళ జబ్బు మనుషుల చదువే అయినా అందులో సిగ్గేముంది? నేను చదివింది జబ్బు మనుషుల చదువే. నాకు పిల్లనిచ్చారు.

ఇక అమ్మాయి బాధ సంగతి

ఆనాటి ఓటమి ఆమె మనసులో ఇంకా నలుగుతున్నట్టే ఉంది. తన కాళ్లు ఎందుకు బిగుసుకుపోయాయో తెలుసుకోవాలని ఈ చదువు కోరుతూ ఉండవచ్చు. అందులో తప్పులేదు. ఇంట్లో జబ్బు చూసి డాక్టరీ చదివినవాళ్లు ఎందరో. అయితే తన గాయం మానడానికి చదవడం వేరు, ఎదుటివాళ్ల గాయం చూడడానికి చదవడం వేరు. ఆ తేడా ఆమె తెలుసుకోవాలి. ఒక రోజు తీరిగ్గా చెరువు కట్ట మీద నడుస్తూ, "ఆ రోజు ఏం జరిగిందమ్మా?" అని అడగండి. సలహా చెప్పకండి, వినండి. వాళ్ల నాన్నగారే అడిగితే మరీ మంచిది. ఎంపిక కాని రోజున ఇంట్లో ఎవరు ఏమన్నారో ఆమెకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు ఓటమిని మరిచిపోతారు గాని, ఇంటికి వచ్చాక విన్న మాట మరిచిపోరు.

ఇంకొకటి. మనసు అని తేల్చే ముందు ఒళ్లు చూడాలి. మరోసారి ఒక పరుగుల పిల్లను "భయపడుతున్నది, మధ్యలో ఆగిపోతున్నది" అని పి.ఇ.టి. మాస్టారు పంపించారు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిను ఎనిమిది. ఇనుము మాత్రలు, ఆకుకూరలు, పప్పు, గుడ్డుతో కొన్ని నెలల్లో కోలుకుంది. మొదటి కుర్రవాడి విషయంలో మనసును చూడలేదు. ఈ పిల్ల విషయంలో అందరూ మనసునే చూశారు. కనుక ఆడే పిల్లకు ఆయాసం, నీరసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే, లేక నెలసరి మూడు నెలలు ఆగితే, ముందు డాక్టరుకు చూపించాలి.

ఆడే పిల్లలున్న ఇళ్లకు నాలుగు మాటలు

1. రోజూ ఐదు నిమిషాలు, నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. పోటీ రోజున మొదలుపెడితే లాభం లేదు. ముందు నుంచే అలవాటు కావాలి.

2. "గెలవాలి" అనేది మన చేతిలో లేదు. "కూతకు పోయినప్పుడు మొదట ఎడమ మూల చూడాలి" అనేది మన చేతిలో ఉంది. పిల్లలకు రెండో రకం లక్ష్యం ఇవ్వండి.

3. పోటీకి ముందు చేసే పనులు, అంటే నీళ్లు, ఒళ్లు వేడెక్కించుకోవడం, బూట్ల లేసులు, ఒక మంచి మాట, ప్రతిసారీ ఒకే వరుసలో చేయించండి. తెలిసిన వరుస మనసును కుదుట పరుస్తుంది.

4. ఇంటికి రాగానే "గెలిచావా?" అనకండి. "ఆకలేస్తున్నదా?" అని అడగండి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం ఉంటే అది పోటీ భయం కాదు. మానసిక వైద్యులకు చూపించాలి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, పిల్లను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరగా మీ అమ్మాయికి ఒక పని చెబుతున్నాను. అడ్మిషన్లకు ముందు నెల రోజులు సాయంత్రం పూట బడి మైదానానికి వెళ్లి, చిన్న పిల్లల కబడ్డీ చూస్తూ నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఎవరు తప్పు చేశాక తల దించుకున్నారు, ఎవరు మళ్లీ కూతకు లేచారు, మాస్టారి ఏ మాటకు ఏం జరిగింది అన్నది రాయాలి. నెల తరువాత కూడా ఆసక్తి నిలిస్తే చదివించండి. విసుగు పుడితే అదీ మంచిదే, ఏళ్లు వృథా కాలేదు. ఆ పుస్తకం తీసుకుని తండ్రీ బిడ్డలిద్దరూ ఆస్పత్రికి వస్తే, ఓ.పి. అయిపోయాక కూర్చుని మాట్లాడుకుందాం. ఒకే బస్సులో, పక్క పక్క సీట్లలో రమ్మన్నానని చెప్పండి.